పొట్టిగా ఉండాడని సెలెక్షన్లో పక్కన పెట్టినారు. ఐస్ హాకీ సెయింట్ లూయీ కథ మా తమ్ముడికి పనికొస్తుందా?

గిరింపేట అక్క:

మాది చిత్తూరు, గిరింపేట. తమ్ముడు తొమ్మిదో తరగతి, స్కూల్లో హాకీ ఆడతాడు, ఫార్వర్డ్. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. మొన్న ఒక స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్లకు పోతే ముందు టేపు పట్టి కొలిచి, బంతి కూడా ముట్టుకోనీకుండా పక్కన నిలబెట్టేసినారంట. అప్పట్నుంచీ ఫోన్లో ఐస్ హాకీ వీడియోలే చూస్తా ఉండాడు. మార్టిన్ సెయింట్ లూయీ అని ఎవరో కెనడా ఆయన. "అక్కా, ఈయన 5 అడుగుల 8 అంగుళాలేనంట, ఆ ఆటలో ఇది మరుగుజ్జు కింద లెక్క" అంటాడు. మా నాయనేమో "మంచు లేని ఊర్లో మంచు ఆట దేనికిరా, పదో తరగతి అయినాక ఐటీఐలో చేరు" అంటాడు.

నాకు ఆటల గురించి ఏమీ తెలీదు. ఈయన నిజంగానే అంత గొప్ప ఆటగాడా, లేకుంటే వాట్సాప్ కథా? మన గడ్డి మైదానం హాకీకి ఆయన్నుంచి నేర్చుకునేది ఏమైనా ఉందా? ఓదార్పు మాటలు మాత్రం వద్దన్నా, అవి వాడికి చుట్టాలందరూ చెప్పేసినారు.

రేణిగుంట రైలు:

కథ నిజమే గానీ ఒక్కడు గెలిస్తే వాడి వీడియో వస్తుంది. ఎత్తు లేదని ఇంటికి పంపించేసిన వాళ్ళ వీడియోలు ఎవరు తీస్తారు? అదీగాక ఐస్ హాకీలో 2005లో రూల్స్ మార్చేసినారు, చిన్నోళ్ళను పట్టుకుని లాగకూడదని. ఆ తర్వాతే పొట్టోళ్ళకు రోజులొచ్చినాయి. మన సెలెక్షన్లలో ఎవరు మారుస్తారు రూల్సు? పిలగాడికి లేనిపోని ఆశ పెట్టొద్దు.

టాంపా తిరుచానూరు:

చెల్లెమ్మా, నేను 2002 నుంచి కొన్నేళ్ళు అమెరికాలోని టాంపాలో ఉద్యోగం చేసినా, ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో ఉంటా. ఆ మనిషి బాగా ఆడిన రోజుల్లో కళ్ళారా చూసినోణ్ణి. కొంచెం పొడుగ్గానే రాస్తా, మీ తమ్ముడికి చదివి వినిపించు.

ముందు రైలన్నకు. రూల్సు సంగతి నిజం. జీతాల గొడవతో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగులో, 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. మళ్ళీ మొదలైనప్పుడు చేత్తో పట్టుకోవడం, కర్రతో కొక్కెమేసి లాగడం కనబడితే చాలు, రెఫరీలు విజిల్ ఊదేసేవాళ్ళు. దాంతో వేగమున్నోళ్ళకు దారి దొరికింది. కానీ తేదీలు చూడన్నా. సెయింట్ లూయీ 94 పాయింట్లతో లీగు మొత్తంలో మొదట నిలిచిందీ, ఉత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ తీసుకుందీ, లీగు గెలిచిన జట్టుకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తిందీ అన్నీ 2004లోనే. అంటే పట్టుకుని లాగే కాలంలోనే. గోలు కొట్టినా, గోలుకు పాసిచ్చినా ఒక్కో పాయింటు, తెలియనోళ్ళ కోసం చెప్తా ఉండా.

ఇంక ఆయన సంగతి. 1975లో క్వెబెక్‌లోని లావాల్‌లో పుట్టినాడు. వెర్మాంట్ యూనివర్సిటీకి నాలుగేళ్ళు ఆడి 139 ఆటల్లో 267 పాయింట్లు తెచ్చినాడు. అంత ఆడినా డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను ఏరుకునే చోట, ఒక్క జట్టూ పేరు పిలవలేదు. క్లీవ్‌లాండ్‌లో చిన్న లీగు ఆడతా ఉంటే 1998లో కాల్గరీ జట్టు తీసుకునింది. తీసుకుని ఏం చేసింది? గోల్స్ కొట్టే వరసలో వెయ్యలేదు. చివరి వరసల్లో వేసి, ఎదుటోళ్ళను ఆపమని కొన్ని నిమిషాలు పంపేది. 69 ఆటల్లో 4 గోల్స్. 2000లో కొలంబస్, మినెసోటా కొత్త జట్లుగా వస్తే, పాత జట్లు వదిలేసిన వాళ్ళలోంచి ఏరుకునే వీలు వాటికి ఉండేది. కాల్గరీ ఈయన్ని వదిలేసింది, ఆ రెండు జట్లూ ముట్టుకోలేదు. చివరికి కాల్గరీనే కాంట్రాక్టు డబ్బులు చేతిలో పెట్టి పంపించేసింది. అప్పటికి 25 ఏళ్ళు.

అప్పుడు తీసుకునింది టాంపా. అప్పట్లో అది అట్టడుగున పడుండే జట్టు. నా లెక్కలో ఆయన అదృష్టం అదే. ఓడిపోయే జట్టుకు పోగొట్టుకునేదేముంది, ఆడనిచ్చింది. మొదటి సీజన్ 18 గోల్స్. రెండోసారి కాలు విరిగింది. మూడోసారి 33. నాలుగోసారికి ఆ 94 పాయింట్లు. మనిషి ఎత్తు ఒక్క అంగుళం పెరగలా. ఆటలో దొరికే నిమిషాలు పెరిగినాయి, అంతే. మీ తమ్ముడికి ముందుగా చెప్పాల్సింది ఇదే: పేరున్న జట్టులో బెంచీ మీద కూర్చునేదానికన్నా, బలం తక్కువున్న జట్టులో ఆట మొత్తం ఆడేది మేలు.

ఆఫీసు వాళ్ళు అప్పుడప్పుడూ టికెట్లు ఇచ్చేవాళ్ళు, పై వరసలో ఏదో మూల సీట్లు. బయట మన రేణిగుంట ఎండ, లోపల స్వెట్టరు. అంత పైనుంచి కూడా 26 నంబరు యాడుండాడో టక్కున కనిపెట్టొచ్చు, అందరికన్నా కిందికి కూర్చున్నట్టు ఆడతాడు కాబట్టి. గోలు వెనకాల మూలలో పక్కు (బంతికి బదులు వాళ్ళు వాడే రబ్బరు బిళ్ళ) తీసుకునేటప్పుడు చూడాల. వెనకనుంచి 6 అడుగుల 4 అంగుళాల మనిషి దూసుకొస్తా ఉంటాడు. ఈయన వెనక్కి తిరిగి చూడడు. నడుము వెనక్కి తోసి, మోకాళ్ళు ఇంకా వంచుతాడు. వచ్చేవాడి భుజం తగలాల్సిన చోట ఈయన ఛాతీ ఉండదు, వాడి తుంటికి ఈయన నడుము ఆనుతుంది. తోపు పడుతుంది, పడకుండా ఏం. ఆ తోపునే తీసుకుని స్కేటు లోపలంచు మీద గిర్రున తిరిగి, గోడ వెంబడి అవతల తేలుతాడు. పెద్దాయన అద్దానికి కరుచుకోని ఉంటాడు. పక్కనున్న తెల్లాయన ఒకాయన ప్రతిసారీ "లెగ్స్, లెగ్స్" అని అరిచేవాడు. నిజమే, ఆ తొడలు చూస్తే తిరుమల కొండకు డోలీ మోసే బోయీలు గుర్తొస్తారు. ఎత్తే తక్కువ, బరువు 80 కిలోలకు పైమాటే. పొట్టిగా ఉండటం వేరు, బక్కగా ఉండటం వేరు. వీడియోల్లో మీ వాడు గోల్స్ చూస్తా ఉంటాడు, ఈసారి మోకాళ్ళు చూడమను.

2004 ఫైనల్ ఎవరితోనో తెలుసా? కాల్గరీతోనే. ఏడు ఆటల ఫైనల్లో అప్పటికి కాల్గరీ 3-2 ముందుంది. ఆరో ఆట కాల్గరీ ఊర్లోనే. వాళ్ళు ఇంకొక్కటి గెలిస్తే కప్పు వాళ్ళది. స్కోరు 2-2, ఒక ఓవర్‌టైమ్ అయిపోయింది, రెండోది మొదలైన 33 సెకన్లకు సెయింట్ లూయీ గోలు కొట్టినాడు. డబ్బులిచ్చి వదిలించుకున్న వాళ్ళ ఊర్లో, వాళ్ళ జనం ముందర. మేము నలుగురం నెల్లూరాయన అపార్ట్‌మెంట్లో పెరుగన్నం తింటా చూస్తా ఉన్నాం, కింద ఇంటోళ్ళు వచ్చి తలుపు కొట్టేదాకా అరిచినాం. రెండ్రోజులకు ఏడో ఆట టాంపాలో, 2-1తో టాంపాదే.

ఆ తర్వాతది గబగబా చెప్తా. 2013లో 37 ఏళ్ళ వయసులో మళ్ళీ లీగుకు మొదట నిలిచినాడు, ఆ సీజన్ కుదించినారు కాబట్టి 48 ఆటల్లో 60 పాయింట్లు. ఆ పేరు తెచ్చుకున్న వాళ్ళందరిలో పెద్ద వయసు ఈయనదే. మొత్తం 1,134 ఆటలు, 1,033 పాయింట్లు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్. 2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ జట్టుకు కోచ్ అయినాడు. అక్కడ కోల్ కాఫీల్డ్ అని ఇంచుమించు ఈయనంతే ఎత్తున్న కుర్రోడు అప్పటిదాకా 30 ఆటల్లో ఒక్క గోలు కొట్టి తల వేలాడేసుకోనుండాడు. ఈయన వచ్చినాక మిగిలిన 37 ఆటల్లో 22 కొట్టినాడు. అదే కుర్రోడు, అదే ఎత్తు.

ఇంకో పొట్టాయన థియో ఫ్లూరీ, 5 అడుగుల 6 అంగుళాలు. 1987 డ్రాఫ్ట్‌లో 166వ పేరు, 1989లో కాల్గరీతో కప్పు. ఆయన దారి వేరు, ఎదుటోడు కొట్టేలోపే తానే కొట్టే రకం. ఆయన గురించి వెతికేముందు నువ్వు చదువు చెల్లెమ్మా, జీవితంలో చానా చేదుంది, చిన్నపిల్లోడికి వద్దు.

పలమనేరు పీఈటీ:

టాంపా గారు బాగా రాశారు. ఒక ముఖ్యమైన తేడా మాత్రం చెప్పాలి. ఐస్ హాకీలో పక్కు ఉన్నవాణ్ణి శరీరంతో గుద్దటం ఆటలో భాగం. మన హాకీలో అట్లా తోస్తే ఫౌల్, కార్డు కూడా చూపిస్తారు. కాబట్టి ఎత్తు వల్ల వచ్చే నష్టం మన ఆటలో చాలా తక్కువ, అందులోనూ ఫార్వర్డ్‌కు. బంతి ఉండేది నేల మీద కదా అమ్మా. టేపుతో కొలిచి పంపేసిన వాళ్ళు ఏం చూడాలనుకున్నారో నాకు అర్థం కాలేదు. తొమ్మిదో తరగతి మగపిల్లాడు ఇంకా మూడు నాలుగేళ్ళు పెరుగుతాడు.

కర్ర పొడవెంతో చూడమ్మా. స్కూళ్ళలో సీనియర్లు వాడి వదిలేసిన 36.5, 37.5 అంగుళాల కర్రలు చిన్నపిల్లలకిస్తారు. 4 అడుగుల 11 అంగుళాల పిల్లాడికి 34 లేదా 35 సరిపోతుంది. పొడుగు కర్ర పట్టుకుంటే పిల్లాడు నిటారుగా నిలబడి ఆడతాడు, బంతి పాదాలకు దూరం పోతుంది, పైచేతి మోచెయ్యి పొట్టకు తగులుతా ఉంటుంది. చూసేవాళ్ళకు "పొట్టోడు, అందడం లేదు" అనిపిస్తుంది. లోపం కర్రలో ఉంటుంది.

ఇంకోటి. తిరుపతి వైపు కోచ్‌లు కొందరు కాళ్ళ బలానికి అలిపిరి మెట్లు పరుగెత్తమంటారు. 3,550 మెట్లు ఎక్కితే ఊపిరి పెరుగుతుంది, పుణ్యమూ వస్తుంది, కాదనను. (గోవింద అనుకుంటా ఎక్కే ముసలివాళ్ళ మధ్య పరుగులు పెట్టడం నాకు నచ్చదు, అది వేరే మాట.) కానీ మీ వాడికి కావలసింది వంగి ఉన్నప్పుడే పక్కకు కదిలే కాలు. మోకాళ్ళు వంచి, పిర్రలు దించి, అటూ ఇటూ పక్కడుగులు, మధ్యలో ఆగి వెనక్కి తిరగడం. ఇంటి ముందు సందు చాలు దానికి. వారానికి మూడు రోజులు చేయించండి, రోజూ వద్దు, పెరిగే మోకాళ్ళు.

మీ నాయనగారికి చెప్పడానికి ఒక పేరు. భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఎతిమరపుది మన ఉమ్మడి జిల్లాలోని ఎర్రావారిపాలెం మండలమే. మంచు లేకపోయినా ఈ జిల్లాలో హాకీ లేదని అనకూడదు.

రేణిగుంట రైలు:

2004 సంగతి ఒప్పుకుంటా. కానీ టాంపా అన్నా, నువ్వు చెప్పిన దాంట్లోనే ఉంది నా మాట. కాల్గరీలోనే ఉండిపోయుంటే ఆయన పేరు నీకు తెలిసేదా? ఆడించే జట్టు దొరకాల గదా. మన పిలగాళ్ళకు అది యాడ దొరుకుతుంది?

టాంపా తిరుచానూరు:

దొరక్కపోవచ్చన్నా. నేను దొరుకుతుందని అనలా. ఒక హాస్టల్ వద్దంటే ఇంకో నాలుగు చోట్ల తలుపు కొట్టమంటా ఉండా. చిత్తూరులో చిన్న క్లబ్బు ఏదైనా, ఆడేదానికి పదకొండు మంది దొరక్క తిప్పలు పడతా ఉండేది, అట్లాంటిది చూడండి.

గిరింపేట అక్క:

పీఈటీ సార్, ఇప్పుడే కొలిచినాం. 37.5. సీనియర్ ఒకాయన ఇచ్చిపోయిందంట, పిడి దగ్గర టేపు చుట్టి వాడుతా ఉండాడు. మోచెయ్యి పొట్టకు తగులుతుందా అని అడిగితే "నీకెట్లా తెలుసక్కా?" అన్నాడు. కర్ర తిరుపతిలో దొరుకుతుందా, ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్నా? కోసి పొట్టి చేయించుకోవచ్చా? మా నాయన వడ్రంగి దగ్గర కోయిస్తా అంటా ఉండాడు. అంటే కొంచెం మెత్తబడినట్టే.

పలమనేరు పీఈటీ:

కోయించొద్దు. పైన కోస్తే బరువంతా కిందికి పోయి తల బరువైపోతుంది, మణికట్టు నొప్పి పడుతుంది. కొత్తది కొనేముందు పిల్లాణ్ణి షాపుకు తీసుకుపోయి చేతికిచ్చి చూడండి. ఖరీదైనది వద్దు, ఈ వయసుకు చెక్కదే చాలు. వచ్చినాక పక్కడుగులు వేస్తున్న వీడియో ఒకటి పెట్టమ్మా. ముఖం అక్కర్లేదు, నడుము నుంచి కిందికి తీస్తే చాలు.