అరవై అయిదు నిండిన ఆడవాళ్లకు కడుపు స్కాన్ పిలుపు ఎందుకు రాదు?

లీడ్స్ కోడలు: మామగారికి 65 నిండే ఏడు బ్రిటన్ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్ఎస్ నుంచి ఉత్తరం వచ్చింది. పొట్ట మీద జెల్ రాసి పది నిమిషాల్లో చూసేశారు. బృహద్ధమని, అంటే గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం, ఉబ్బలేదు, మళ్లీ రానక్కరలేదన్నారు. అత్తగారిదీ అదే వయసు, ఉత్తరం మాత్రం రాదట. మా పిన్ని ఇక్కడే నడుము నొప్పితో ఆసుపత్రికి వెళితే మూత్రపిండంలో రాయన్నారు. తెల్లవారేలోపు ఉబ్బిన ఆ ధమని పగిలి ప్రాణం పోయింది. ఆడప్రాణం అంత చవకా?

లెక్కల మాస్టారు: చవక కాదమ్మా, ఆడవాళ్లలో ఈ జబ్బు అరుదు. ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో 65-80 ఏళ్లవారిని పరీక్షిస్తే మగవాళ్లలో 7.6 శాతం, ఆడవాళ్లలో 1.3 శాతం మందికే కనిపించింది. స్కాన్‌ వల్ల ఆడవాళ్ల చావులూ తగ్గలేదు. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌ అంచనా చూడండి: ఒక్క మరణం ఆపాలంటే 3,900 మందిని పిలవాలి.

లీడ్స్ కోడలు: ఆ 1.3 పట్టుకుని వేలాడకండి. అంతే సైజు ఉబ్బు ఆడవాళ్లలో పగిలే ప్రమాదం మూడు నాలుగు రెట్లు. మగవాళ్లకు 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ అంటే, యూరప్ వైద్యులు ఆడవాళ్లకు 5 దగ్గరే ఆలోచించమంటున్నారు. బ్రిటన్‌లో 67,800 మందితో జరిగిన పెద్ద స్కాన్ అధ్యయనంలో ఒక్క ఆడమనిషీ లేదు!

బాటసారి: అయిన్‌స్టీన్ 1955లో దీనితోనే పోయారు. ఏ ఉత్తరమూ రాలేదు.

డాలస్ బాబాయి: ఇక్కడ అమెరికాలో 2019 సిఫారసు ప్రకారం పొగ తాగని, కుటుంబంలో ఎవరికీ లేని ఆడవాళ్లకు వద్దు. తాగినవాళ్ల గురించి ఆధారాలు చాలవన్నారు.

శ్రీకాకుళం చిన్నోడు: మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, నిప్పు నోట్లో పెట్టుకుని. సిగరెట్లు తాగుతారా అని డాక్టరు అడిగితే లేదంది. అబద్ధమేం కాదు కదా.

లెక్కల మాస్టారు: ఆ లాన్సెట్ లెక్కలోనే, దొరికే ఉబ్బుల్లో మూడో వంతు ఎప్పటికీ ప్రాణం మీదికి రానివి. పైగా ఆపరేషన్‌లో ఆడవాళ్లకే అపాయం ఎక్కువ.

లీడ్స్ కోడలు: డబ్బు మిగుల్చుకోవడానికని ఒప్పుకోండి. మీ ఇంటి ఆడవాళ్లకైతే ఇలాగే లెక్కలు చెబుతారా?

లెక్కల మాస్టారు: మా ఇంట్లో ఉంది కాబట్టే చెబుతున్నాను. పిత్తాశయంలో రాళ్లకని స్కాన్ తీస్తే మా ఆవిడకు 3.3 సెంటీమీటర్ల ధమని ఉబ్బు బయటపడింది. ఏడాదికో స్కాన్ తప్ప వైద్యమేమీ లేదు. ఆ రోజు నుంచి మనవడిని ఎత్తుకోదు. దగ్గు వస్తే ముందు పొట్ట పట్టుకుంటుంది. తెలుసుకుంటావా అని ఆమెను ముందుగా ఎవరైనా అడిగారా?

లీడ్స్ కోడలు: మా పిన్నిని మాత్రం ఎవరు అడిగారు? భయపడాలో వద్దో తేల్చుకోవలసింది ఆమె. మీరు కాదు, మీ లెక్కలూ కాదు.

డాలస్ బాబాయి: కోడలు గారూ, తోబుట్టువుకు ఉందంటే మీ అమ్మగారికీ ముప్పే. జీపీకి, అదే మీ కుటుంబ వైద్యుడికి, చెప్పి స్కాన్ చేయించారా?

లీడ్స్ కోడలు: అడిగాను. తెలిసి ఏం చేసుకోను, వద్దంటోంది.