అప్‌డేట్: ఫ్లింట్‌లాక్ తుపాకీలో మందు తడవడం ఆగింది
పెన్సిల్వేనియాలో డిసెంబర్ 26న మొదలైన ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకీ) జింకల వేట సీజన్‌కి తుపాకీ లోడ్ చేసి రాత్రి ఇంట్లో పెడితే పొద్దున పేలట్లేదని, వానకి మందు తడుస్తోందా అని పోయిన వారం అడిగాను కదా. మీరన్నదే కరెక్ట్, తప్పు వానది కాదు నాదే, చలిలోంచి తెచ్చి హీటర్ పక్కన పెడితే చల్లటి ఇనుముకి చెమట పట్టి మందు మెత్తబడిపోతోంది. ఇప్పుడు పాన్‌లో (నిప్పురవ్వ పడే చిన్న గిన్నెలో) మందు దులిపేసి, తుడిచి, నిప్పు వెళ్లే చిన్న రంధ్రంలో ఈక కాడ గుచ్చి, తాళం వేసిన చల్లటి గరాజ్‌లోనే ఉంచుతున్నా. గొట్టం మూతికి టేపు, అది తీయకుండానే కాల్చొచ్చంటే మొదట నమ్మలేదు. తుపాకీ లాక్ (రాయి కొట్టి నిప్పు పుట్టించే భాగం) మీద తోలు ముక్క కూడా కట్టా, దాన్ని ఇక్కడ ఆవు మోకాలు అంటారట, నవ్వొచ్చింది. నిన్న తడి మంచులో నాలుగు గంటలు తిరిగి, సాయంత్రం ఫ్రెండ్ పొలంలో మట్టిదిబ్బకేసి కొడితే ఫస్ట్ దెబ్బకే ఠప్పున పేలింది. జింక మాత్రం ఒక్కటీ కనపడలేదు, అది వేరే ఏడుపు.