పెద్దవాళ్ళతో టస్కనీ: కోచ్ టూరా, రైలూ లోకల్ బస్సులా?

దారితెన్ను: అరవై అయిదు దాటిన ఇద్దరు, ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఏడు రోజులు. ఫ్లోరెన్స్, పీసా, సియెనా, సాన్ జిమిన్యానో, వాల్ దోర్చా పల్లెలు చూడాలి. ఒకరికి మోకాళ్ళ నొప్పి. ఫ్లోరెన్స్ దగ్గరి మోంతెకతీని ఊళ్ళో బస, రోజూ కోచ్‌లో (టూరిస్టు బస్సులో) తిప్పడం అనే ప్యాకేజీ మేలా, ఫ్లోరెన్స్‌లో గది తీసుకుని సొంతంగా తిరగడం మేలా?

కిటికీసీటు: కోచే. మోకాళ్ళ నొప్పి అన్నాక ఇంకో మాట ఎందుకండీ? సాన్ జిమిన్యానోకి రైల్వే స్టేషనే లేదు. పొజ్జిబోన్సిలో దిగి 130 నంబరు బస్సు కోసం నిలబడాలి. వాల్ దోర్చా పల్లెలకి ఆ పాటి బస్సులు కూడా ఉండవు.

ప్లాట్‌ఫాం9: మోకాళ్ళకి కోచ్ మేలన్నది సగం నిజం. కోచ్ ఊరి నడిబొడ్డుకి రాదు. ఫ్లోరెన్స్ పాత నగరమంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని వాహనాలకు ప్రవేశం లేదు. పీసాలో వియా పియెత్రసాంతీనా పార్కింగ్‌లో దింపుతారు. టవర్ దాకా కిలోమీటరు పైనే, లేదంటే షటిల్. సాన్ జిమిన్యానోలో కోట గుమ్మం దగ్గర దింపితే ఊరి మధ్యనున్న చిస్తెర్నా కూడలి దాకా అంతా ఎత్తు ఎక్కడమే. అదే ఫ్లోరెన్స్‌లో రైలు దిగితే దువోమో, అంటే పెద్ద చర్చి, పది నిమిషాల చదును నడక. సియెనాకి మాత్రం రైలు వద్దు, స్టేషన్ కొండ కింద ఉంది. ఫ్లోరెన్స్ నుంచి 131 బస్సు గంటంబావులో పైన పాత ఊరి అంచున దింపుతుంది.

లాగ్‌బుక్: గైడు తరుముతున్నాడని అందరూ విసుక్కుంటారు గానీ తరిమేది టాకోగ్రాఫ్, అంటే డ్రైవరు బండి నడిపిన గంటలు నమోదు చేసే పరికరం. ఐరోపా సమాఖ్య నిబంధన 561/2006 ప్రకారం నాలుగున్నర గంటలు నడిపేలోపు 45 నిమిషాల విరామం ఇవ్వాలి. రోజుకి 9 గంటలే స్టీరింగ్, వారంలో రెండు రోజులు 10. అసలు ఇరికించేది 11 గంటల విశ్రాంతి. ఉదయం ఏడున్నరకి డ్యూటీ ఎక్కిన డ్రైవరు రాత్రి ఎనిమిదిన్నరకి బండి ఆపెయ్యాలి. వారంలో మూడుసార్లు దాన్ని 9 గంటలకి కుదించొచ్చు, అంతే. పైగా డ్యూటీ మొదలయ్యేది మనం ఎక్కినప్పుడు కాదు, ఆయన బండి తీసినప్పుడు. పొద్దున ఇద్దరు ఇరవై నిమిషాలు ఆలస్యం చేస్తే ఆ కోత సాయంత్రం ఊరి మీద పడుతుంది. అన్నట్టు, పార్కింగ్‌లో ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచితే ఇటలీలో జరిమానా. జులైలో బస్సులో కూర్చుని కాలక్షేపం చేద్దామంటే కుదరదు.

కిటికీసీటు: ఒప్పుకుంటా. అందుకే ప్యాకేజీ కాగితం జాగ్రత్తగా చదవమంటా. ‘పనోరమిక్ టూర్’ అంటే బస్సు దిగరు. ‘ఫోటో స్టాప్’ అంటే పావుగంట. ‘ఓరియెంటేషన్ వాక్’ అంటే గోడలు బయట నుంచే. ‘ఎంట్రన్స్ ఇన్‌క్లూడెడ్’ అని రాసి ఉంటేనే లోపలికి. ఫ్లోరెన్స్‌లోని ఉఫీచీ, అకాదెమియా మ్యూజియంలు సోమవారం మూత; ఫ్లోరెన్స్ రోజు సోమవారం పడిందా, ఆ ప్యాకేజీ పక్కన పెట్టండి.

ప్లాట్‌ఫాం9: అంత వడపోత తర్వాత కోచ్‌కి మిగిలేది వాల్ దోర్చా ఒక్కటే! దానికి ఫ్లోరెన్స్ నుంచి ఒక్కరోజు మినీబస్సు చాలు. రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోండి, లేదంటే ఫైన్. శాకాహారులైతే రిబొల్లీతా (రొట్టె, కూరగాయల సూప్) అడగండి, కానీ అందులో పోసిన ‘బ్రోదో’ మాంసం ఉడికించిన నీళ్ళా, కూరగాయలదా అని అడిగాకే.

కిటికీసీటు: మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా చోట్ల వంటగది కట్టేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఆ వేళల్లో హోటల్ వెతకడం కన్నా భోజనం కలిపిన కోచే నయం. నా ఓటు మారలేదు.

లాగ్‌బుక్: మోంతెకతీనిలో స్టేషన్ ఉంది, ఫ్లోరెన్స్–లుక్కా లైను మీదే. ప్యాకేజీ తీసుకున్నా పీసా రోజు కోచ్ వదిలేసి లుక్కా వెళ్ళొచ్చు. ఊరంతా చదును, చుట్టూ నాలుగు కిలోమీటర్ల కోటగోడ మీద చెట్ల నీడన నడక. గోడ మీదికి ఎక్కడానికి ర్యాంపులున్నాయి. బుక్ చేసేముందు హోటల్ నుంచి స్టేషన్ ఎంత దూరమో అడిగి తెలుసుకోండి.