బంగారు పతకం వచ్చిన జట్టు నిజంగా సాధించినదేమిటి? అనంతపురం నుండి ఒక సందేహం

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, అనంతపురం

అందరికీ నమస్కారం. జీవుల జన్యువులను మార్చి కొత్త పనులు చేయించే సింథటిక్ బయాలజీ రంగంలో జరిగే ఐజెమ్ అనే అంతర్జాతీయ పోటీకి మేము ఆరుగురం ఒక జట్టుగా వెళ్లాలని అనుకుంటున్నాము. మన దేశపు విద్యార్థి జట్లు అక్కడ బంగారు పతకాలు తెచ్చుకున్నాయని చదివి ఎంతో సంతోషించాను గాని, ఒకే సంవత్సరం ఎన్నో జట్లకు బంగారు పతకం రావడం చూసి దాని విలువ ఎలా అర్థం చేసుకోవాలో తెలియలేదు. నమోదు రుసుమే వేల డాలర్లలో ఉన్నందున, మా శాఖలోని పెద్దలను ఒప్పించే ముందు ఈ విషయం నాకు స్పష్టంగా తెలియాలి.

మేము అనుకున్న అంశం ఫ్లోరైడ్. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే రంగు మారే బ్యాక్టీరియాను తయారుచేసి, దానిని ఊళ్లలో బోర్ల దగ్గర వాడించాలని మా ఆశ. మా అమ్మమ్మగారి ఊరిలో నా ఈడు పిల్లలకు కూడా పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నాయి. ఈ పని మా వల్ల అవుతుందా? పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: పరిశోధక విద్యార్థి, బెంగళూరు (సొంత ఊరు కర్నూలు)

చెల్లెమ్మా, నేను డిగ్రీ రోజుల్లో ఈ పోటీకి వెళ్లిన జట్టులో ఉన్నాను కనుక చెబుతున్నాను. అక్కడ పతకం అంటే పరుగుపందెంలో మొదటి, రెండవ, మూడవ స్థానాల వంటిది కాదు. కంచు, వెండి, బంగారం అనే ప్రతి మెట్టుకూ ముందే ప్రకటించిన ప్రమాణాలు ఉంటాయి; వాటిని నెరవేర్చినట్లు న్యాయనిర్ణేతలకు ఆధారాలతో చూపించిన జట్లన్నింటికీ ఆ పతకం ఇస్తారు. జట్ల మధ్య పోటీ ప్రత్యేక బహుమతులకూ, అన్నిటికన్నా పెద్దదైన గ్రాండ్ ప్రైజ్‌కూ మాత్రమే ఉంటుంది. అందువల్ల ఒక జట్టు గురించి విన్నప్పుడు పతకం రంగుకన్నా, వాళ్లు ఏం కట్టారు, ఏం కొలిచారు, తరువాతి వాళ్లకు ఏం మిగిల్చారు అని చూడడం మంచిది.

2003లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒక చిన్న కోర్సుగా మొదలై, 2004లో అయిదు జట్లతో పోటీగా మారిన ఈ వేడుకకు ఇప్పుడు వందల జట్లు వస్తున్నాయి. 2022 నుండి పారిస్‌లో జరుగుతోంది. మీ అంశానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ 2006 నాటి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ జట్టు. తాగునీటిలో ఆర్సెనిక్ ఉంటే ఇ. కోలై బ్యాక్టీరియా నీటి ఆమ్లత్వాన్ని మార్చేలా వాళ్లు రూపొందించారు కాబట్టి, ఖరీదైన పరికరం లేకుండా మామూలు పీహెచ్ సూచికతోనే ఫలితం కంటికి కనిపిస్తుంది. ఆ ఆలోచన పోటీతో ఆగిపోలేదు, ఆ తరువాత ఏళ్ల తరబడి పరిశోధనగా సాగింది. నేను సాధన అని దానినే అంటాను.

మా జట్టుకు వెండి పతకం వచ్చింది. మేము కట్టిన సెన్సర్ కొలవవలసిన పదార్థం లేకపోయినా వెలిగేది. ఆ లోపాన్ని దాచకుండా, ఏ ప్రమోటర్ (జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ భాగం) వాడితే ఎంత వెలిగిందో అంకెలతో సహా వికీలో, అంటే పోటీ కోసం మా జట్టు తయారుచేసిన వెబ్ పేజీలో, రాశాము. న్యాయనిర్ణేతలు మమ్మల్ని ఎక్కువసేపు అడిగింది ఆ భాగం గురించే.

జవాబు 2: సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు, కడప

అంశం చాలా బాగుంది గాని, బ్యాక్టీరియాను బోర్ల దగ్గరకు తీసుకువెళ్లే ఆలోచన మాత్రం మానుకో అమ్మా. జన్యుమార్పిడి చేసిన జీవులకు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నిబంధనలు వర్తిస్తాయి. పని మొదలుపెట్టే ముందే సంస్థాగత జీవభద్రతా సంఘం అనుమతి కావాలి. అటువంటి జీవులను ప్రయోగశాల బయట వదలడాన్ని ఈ పోటీ నియమాలు కూడా ఒప్పుకోవు.

ఇంకొక చిక్కు జీవకణంలోనే ఉంది. ఫ్లోరైడ్‌ను గుర్తించే రైబోస్విచ్ అనే ఆర్‌ఎన్‌ఏ నిర్మాణాన్ని 2012లో ప్రకటించారు. అది మూడు మెగ్నీషియం అయాన్ల మధ్య ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. అయితే చాలా బ్యాక్టీరియాలకు లోపలికి వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటకు తోసివేసే ప్రోటీన్లు ఉన్నాయి కనుక, నీటిలో ఎంత ఉన్నా కణం లోపల తక్కువే నిలుస్తుంది.

ఈ రెండు చిక్కులకూ కలిపి ఒక దారి ఉంది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో, జీవకణం లేకుండా దాని యంత్రాంగాన్ని మాత్రం ఎండబెట్టి గొట్టంలో పెట్టి, అదే రైబోస్విచ్‌ను రంగు పుట్టించే ఒక ఎంజైము జన్యువుకు జతచేశారు. నీటిచుక్క వేస్తే, ఫ్లోరైడ్ ఉన్నప్పుడు పసుపు రంగు వస్తుంది. కోస్టారికాలో క్షేత్రస్థాయిలో పరీక్షించి చూశారు కూడా. వాళ్లు పెట్టుకున్న హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు. మన భారతీయ ప్రమాణం ప్రకారం 1 వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5. ఆ 2కీ 1కీ మధ్యనున్న దూరమే మీ జట్టు చేయవలసిన పని అని నా అభిప్రాయం.

జవాబు 3: విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

మేడమ్‌గారి మాటతో ఏకీభవిస్తూ, నీటి గురించి ఒకటి చెప్పదలచాను. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలి నివేదిక వచ్చింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా నుండి. అనంతపురంలో గ్రానైటు, నైస్ రాళ్లలోని ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్నచోట అది అవక్షేపంగా కూర్చోకుండా కరిగే ఉండిపోతుంది. అంటే మీ పరీక్ష స్వేదనజలంలో కలిపిన సోడియం ఫ్లోరైడ్‌తో పనిచేసినంత మాత్రాన సరిపోదు. క్షారగుణం గల మన బోరు నీటిలో ఆ చర్య సాగుతుందో లేదో చూడాలి.

కాబట్టి ముందుగా కనీసం ఇరవై ముప్పై బోర్ల నీటిని ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో, టిసాబ్ బఫర్ (నీటి ఆమ్లత్వాన్ని స్థిరపరచి, లోహాలు పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) కలిపి కొలిచి పెట్టుకోండి. మీ రంగు నిజమో కాదో తేల్చేది ఆ అంకెలే. నమూనాలు గాజు సీసాల్లో కాక ప్లాస్టిక్ సీసాల్లో పట్టండి. ఎలక్ట్రోడు వాడడం నేర్పడానికి నేను వారానికి ఒకరోజు వస్తాను.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. శాఖాధ్యక్షుల దగ్గరకు పతకం మాట తీసుకువెళ్లకుండా, 2 నుండి 1కి దించడం అనే లక్ష్యంతో, బోర్ల జాబితాతో వెళతాము. సర్, మా అమ్మమ్మగారి ఊరి నుండే నమూనాలు మొదలుపెట్టాలని ఉంది. అక్కడ మూడు బోర్లు, ఒక పాత దిగుడుబావి ఉన్నాయి. బావి నీటిని కూడా పట్టమంటారా?

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు

తప్పకుండా పట్టు తల్లీ. ప్రతి సీసా మీద తేదీ, బోరు లోతు రాసి పెట్టు.