ఎడ్ల పండుగ పోలాకు ముసలి ఎడ్లకు ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు?

సిరొంచ_కొట్టం:
అందరికీ నమస్తే. మాది మహారాష్ట్రల సిరొంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు ఊరు. దున్నకమంతా ట్రాక్టరుదే అయింది గని కొట్టంల రెండు ముసలి ఎడ్లున్నయి. అమ్మేది లేదు, ఇన్నేండ్లు వాటి రెక్కల మీదనే తిన్నం. ఈసారి శ్రావణ అమాసకు పోలా మంచిగ చెయ్యాలని ఇంట్ల అందరి కోరిక. పిల్లలు కొమ్ములకు ఆయిల్ పెయింట్ డబ్బాలు తెచ్చిన్రు, ఆడోళ్లు పూరన్‌పోళీలకు (బొబ్బట్లకు) శెనగపప్పు కొలుస్తున్నరు. ఎంత పెట్టొచ్చు? రంగు పర్వాలేదా? ముక్కుతాడు మార్చుడు మాలో ఎవ్వరికీ సరిగ్గ రాదు. తెలిసినోళ్లు చెప్పున్రి.

రాజురా_కాక:
తమ్మీ, ముందుగాల ఆ డబ్బాలు వాపస్ ఇచ్చెయ్. నూనె రంగుల్ల సీసం ఉండే రకాలు ఇంకా దొరుకుతయి. ఎడ్లు ఒకదాన్నొకటి నాకుతయి, కొమ్ము గుంజకు రాసుకుంటయి, ఆ పెచ్చులు కడుపులకు పోతయి. సీసం ఎక్కితే కండ్లు కనపడక గోడలకు గుద్దుకునుడు, పండ్లు కొరుకుడు, వణుకుడు మొదలైతది. జాజు పొడిని గంజిల కలిపి పూయి, దాని మీద పసుపు గీతలు పెట్టు. నాలుగు వానలకు పోతది. పోనియ్, వచ్చే ఏడు మళ్ల పూస్తవు. పసుపుల సున్నం కలిపితే ఎరుపు మంచిగనే వస్తది గని సున్నం తోలును కాలుస్తది, కొమ్ము మొదట్ల అంటనియ్యొద్దు.

కొమ్మును కత్తితోటి, గాజు పెంకుతోటి గీకి నున్నగ చేసే అలవాటు మన దిక్కు బాగుంది. అది బంద్ చెయ్. పైన మొద్దుగ కనిపించినా లోపల నెత్తురు నడిచే ఎముక ఉంటది. తడిగుడ్డతోటి తుడిచి ఇంత ఆముదం రాస్తే చాలు. ఇత్తడి కుప్పెలు తొడిగేటప్పుడు సుత్తెతోటి కొట్టొద్దు.

ముక్కుతాడు సంగతి. పాతదాన్ని కోసి తీసేసి, కొత్తది బొక్కల గుచ్చబోతేనే లొల్లి. పాత తాడును ముక్కు బయట ఒక దిక్కు కొయ్యి. ఆ కొసను కొత్త తాడు కొసకు ఆనించి దారంతోటి కుట్టు, ముడి ఉబ్బెత్తుగ ఉండొద్దు. కుట్టిన తావుల వేపనూనె రాసి, పాతదాన్ని రెండో దిక్కు నుంచి మెల్లగ గుంజితే కొత్తది దాని వెంట అదే వస్తది. నూలు తాడే తీసుకో, నైలాన్ కోస్తది. మార్చే ముందు లేత గులాబీ రంగు వచ్చేంత పొటాష్ పర్మాంగనేట్ కలిపిన నీళ్లతోటి ముక్కు కడుగు. ఈ వానల్ల చిన్న గాయమైనా ఈగ గుడ్డు పెడుతది, రెండు మూడు దినాలల్ల పురుగు పడుతది. పడితే దూదిని టర్పెంటైన్‌ల ముంచి గాయంల పెట్టు, పురుగులు బయటికొస్తయి, చిమటతోటి ఏరెయ్.

దెగ్లూర్_పశువులు:
తిండి గురించి నేను చెబుతాను. ప్రతి ఏడూ పోలా మరునాడు డాక్టర్ల దగ్గర వరుస కట్టేది దీనివల్లే. రోజంతా ఇంటింటికీ తిరుగుతాయి, ప్రతి గుమ్మంలో కాళ్లు కడిగి హారతి ఇచ్చి ఒక పోళీ, ఒక ముద్ద బెల్లం, ఒక దోసెడు గోధుమలు పెడతారు. పది గుమ్మాలు తిరిగేసరికి అది ఎంతవుతుందో ఎవరూ లెక్క పెట్టరు. చొప్పకు అలవాటుపడిన కడుపులో పిండి, బెల్లం ఒక్కసారిగా పడితే పులిసి ఆమ్లమవుతుంది, నెమరు ఆగిపోతుంది. సగం రోజు నుంచి రోజున్నర లోపల మేత మానేసి, పుల్లటి వాసనతో పలుచగా పేడ వేసి, తూలుతూ నడుస్తుంది. అప్పుడు పశువుల వైద్య బండి నంబరు 1962కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా 100 గ్రాముల తినే సోడా అర లీటరు నీళ్లలో కలిపి పట్టించవచ్చు, కానీ తల పైకెత్తి గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెంప పక్కన కొంచెం కొంచెంగా పోయాలి.

ముసలి ఎద్దుకు ఆ రోజు మొత్తం కలిపి రెండు మూడు పోళీలు, గుప్పెడు బెల్లం, అంతే. పొద్దున్నే ఊరేగింపుకు ముందు కడుపునిండా ఎండు చొప్ప మేయనివ్వండి, అప్పుడు గుమ్మాల దగ్గర ఆబగా తినవు. మిగతావాళ్లు పెట్టేది మీరే చేత్తో అందుకుని సంచీలో వేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పండుగ కదా అని లేత జొన్న కోసుకొచ్చి పెట్టేవాళ్లూ ఉంటారు. పూత రాని జొన్నలో, ముఖ్యంగా వాన లేక వాడిన చేలో, సైనైడ్ విషం ఉంటుంది. తిన్న కాసేపటికే నురగ కక్కి పడిపోతాయి. వైద్యానికి సమయం కూడా దొరకదు. ఎండిన చొప్పకు ఈ భయం చాలా తక్కువ.

సిరొంచ_కొట్టం:
సంచి ముచ్చట మంచిగుంది అన్నా, అట్లనే చేస్త. ఇంకొక్కటి. ఒక ఎద్దు కొన్ని దినాల సంది కుడి దిక్కు తల వంచి ఉంటుంది, మాటిమాటికి విదిలిస్తుంది. చెవుల గోమారు ఉందేమో అనుకున్న, చూస్తే లేదు. గోమార్ల మందు పండుగ దినమే కొట్టొచ్చునా?

రాజురా_కాక:
మందు సంగతి తర్వాత, ముందు ఆ తల చూడు. కుడి కొమ్ము మొదలు వేలుతోటి నొక్కు. మెత్తగున్నా, కొమ్ము కదిలినా, కుడి ముక్కులకెళ్లి నెత్తురు చీము కారినా, కొమ్ము క్యాన్సర్ కావొచ్చు. మన దేశవాళీ ఎడ్లల్ల ఇది కనిపించేదే. తొందరగ పట్టుకుంటే కొమ్ము మొదటికంటా తీసేసి కాపాడుతరు. పండుగ అయినంక చూద్దామనకు, రేపే దవాఖానకు తీస్కపో. ఆ కొమ్ముకు ఈసారి రంగు కూడ వద్దు, దండ ఏసి ఊకో.

గోమార్లకు 12.5 శాతం అమిట్రాజ్ 2 మి.లీ. లీటరు నీళ్లకు. పండుగకు మూడు నాలుగు దినాల ముందే, ఎండ తగ్గినంక కొట్టు. గంగడోలు, తోక కింద, తొడల సందు వదలకు. పుండ్ల మీద పడొద్దు, ఆరేదాకా నాకనియ్యొద్దు. కొట్టం గోడ పగుళ్లల్ల కూడ కొట్టకుంటే వారంల మళ్ల ఎక్కుతయి.

దెగ్లూర్_పశువులు:
ముందురోజు సాయంత్రం మెడకాపు మరవకండి. ఊళ్లో అందరూ ఎద్దు చెవిలో ‘రేపు భోజనానికి రా’ అని పిలిచి వదిలేస్తారు, అసలు పని మెడకాపులో ఉంది. గోరువెచ్చని నెయ్యిలో పసుపు కలిపి, కాడి ఆనే చోట పది నిమిషాలు అరచేత్తో గట్టిగా మర్దన చేయండి. గట్టి గడ్డ తగిలితే పిన్నుతో పొడవకండి, డాక్టర్‌కు చూపించండి.

స్నానానికి నది వద్దు, ఈ నెలలో ప్రాణహిత ఎప్పుడు పొంగుతుందో తెలియదు. బోరు దగ్గర బకెట్లే మేలు. ఊరి ఎడ్లన్నీ వరుసగా నిలిచే తోరణం దగ్గర ముసలివాటిని చివర నిలబెట్టండి, టపాకాయలకు బెదిరితే పక్కవాళ్లకు కొమ్ము తగులుతుంది. ఊళ్లో లంపీ చర్మ వ్యాధి ఉంటే గుంపులోకి అసలు తీసుకెళ్లకండి, కుట్టే ఈగలు, దోమలు ఒకదాని నుంచి ఒకదానికి అంటిస్తాయి. ఇంటి ముందే పూజ చేసుకోండి. పిల్లలకు మరునాడు తాన్హా పోలాలో కర్ర ఎడ్లు ఎలాగూ ఉన్నాయి, ఆ ఆయిల్ పెయింట్ వాటికీ వాడనివ్వకండి, చేతులకు అంటుతుంది.

రాజురా_కాక:
పండ్లు అరిగినయా చూడు తమ్మీ. అరిగితే చొప్పను అంగుళం ముక్కలు కొట్టి, ఉప్పునీళ్లు చల్లి గంట నానబెట్టి ఎయ్యి. ఉప్పు దినానికి 30 గ్రాములు, ఖనిజ లవణాల పొడి 50 గ్రాములు తవుడుల కలుపు. ఉలవలు ఉడకబెట్టినయే పెట్టు, పచ్చివి నమలలేక పేడల అట్లనే పోతయి.