వర్జీనియా పదో నియోజకవర్గం: పెరిగింది మన జనాభానా, మన ఓటా?

చర్చ ప్రారంభం (ఆష్‌బర్న్ నుంచి)

2024 నవంబరులో భారతీయ సంతతికి చెందిన డెమొక్రాట్ సుహాస్ సుబ్రహ్మణ్యం గారు వర్జీనియా పదో నియోజకవర్గం నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైనప్పటి నుంచి మన సమావేశాల్లో ఒక మాట తరచుగా వినబడుతున్నది. ఈ నియోజకవర్గంలో ప్రధాన భాగమైన మన లౌడన్ కౌంటీలో భారతీయులు స్థిరపడడం వల్లే ఈ స్థానం రిపబ్లికన్ల చేయి దాటిందని, ఇకపై ఇది మన స్థానమేనని అంటున్నారు. నాకూ అది నిజమేననిపిస్తున్నది. 2000లో 1,69,599గా ఉన్న లౌడన్ జనాభా 2020 నాటికి 4,20,959కి చేరింది. అందులో ఆసియా సంతతివారు ఐదో వంతుకు పైనే ఉన్నారు. 1981 నుంచి 2015 దాకా రిపబ్లికన్ ఫ్రాంక్ వుల్ఫ్ ఓటమి ఎరుగక నిలబెట్టుకున్న స్థానాన్ని 2018లో డెమొక్రాట్ అభ్యర్థి జెన్నిఫర్ వెక్స్‌టన్ సుమారు 12 శాతం ఆధిక్యంతో గెలుచుకోవడానికి ఇంతకంటె బలమైన కారణం ఉన్నదా?

సమాధానం (ఆల్డీ నుంచి)

ఈ వాదనను నేను అంగీకరించలేను. జనాభా లెక్క వేరు, ఓటర్ల లెక్క వేరు. నియోజకవర్గాల సరిహద్దులు గీసేటప్పుడు పౌరులు, పౌరులు కానివారు అనే తేడా లేకుండా నివసించే ప్రతి మనిషినీ లెక్కిస్తారు. 2020 జనగణన ప్రకారం వర్జీనియాలో ఒక్కో స్థానానికి సుమారు 7,84,000 మంది వచ్చారు. ఆ లెక్కలో హెచ్-1బి వీసా మీద ఉన్నవారూ ఉంటారు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారూ ఉంటారు. వారిలో ఒక్కరికీ ఓటు లేదు. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి ఉన్నంతకాలం, కార్డు వచ్చాక కూడా పౌరసత్వానికి సాధారణంగా మరో ఐదేళ్ళు ఆగవలసి ఉన్నంతకాలం, మన ఓటు మన జనాభా వెనకే నడుస్తుంది.

మా వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే తొమ్మిది తెలుగువారివి. 2024 నవంబరు 5న ఆ తొమ్మిదింటిలో మూడిళ్ళవారే ఓటు వేశారు. ఒక ఇంట్లో ఓటు హక్కు ఉన్నది ఇక్కడే పుట్టి, ఆ ఏడాదే పద్దెనిమిది నిండిన అమ్మాయికి మాత్రమే. ఆ అమ్మాయి వరుసలో నిలబడి ఉండగా, పద్దెనిమిదేళ్ళకు పైగా ఈ దేశంలో పన్నులు కడుతున్న తండ్రి పోలింగ్ జరుగుతున్న పాఠశాల బయట కారులో కూర్చుని ఉండడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

ఇక చరిత్ర విషయానికి వస్తే, 2004లో జార్జి బుష్‌కు మొగ్గు చూపిన లౌడన్ 2008లో ఒబామా వైపు తిరిగింది. 2016లో ఈ నియోజకవర్గంలో హిల్లరీ క్లింటన్‌కు ఆధిక్యం వచ్చినా, అదే ఓటర్లు ప్రతినిధుల సభకు రిపబ్లికన్ అభ్యర్థి బార్బరా కామ్‌స్టాక్‌ను గెలిపించారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమెనే ఓడించారు. రెండేళ్ళలో జనాభా తలకిందులు కాదు కదా. మారింది కళాశాల చదువులు చదివి, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లోనో, వాటి కాంట్రాక్టు సంస్థల్లోనో పనిచేసే శివారు మధ్యతరగతి ఓటర్ల మనసు. వారిలో శ్వేతజాతీయులే ఎక్కువ.

గీతలు మారిన సంగతి కూడా మరువరాదు. 2021లో పునర్విభజన సంఘం ఏకాభిప్రాయానికి రాలేకపోవడంతో రాష్ట్ర సుప్రీంకోర్టే కొత్త పటాన్ని ఖరారు చేసింది. వించెస్టర్, క్లార్క్, ఫ్రెడరిక్ ప్రాంతాలు బయటికి పోయి, ఫాకియర్, రాపహానక్ కౌంటీలు లోపలికి వచ్చాయి. గుర్రాల పెంపకం, ద్రాక్షతోటలు ఉన్న ఫాకియర్ గట్టి రిపబ్లికన్ ప్రాంతం. ఆష్‌బర్న్ డేటా కేంద్రాల పక్కన ఉండి చూస్తే ఈ నియోజకవర్గం సగమే కనబడుతుంది. సుబ్రహ్మణ్యం గారి ఆధిక్యం ఐదు శాతం కూడా లేదు.

అభ్యంతరం (సౌత్ రైడింగ్ నుంచి)

మీరు సాధారణ ఎన్నికనే చూస్తున్నారు. 2024 జూన్‌లో జరిగిన డెమొక్రాట్ల ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో) పన్నెండు మంది పోటీ పడగా సుబ్రహ్మణ్యం గారు సుమారు 30 శాతం ఓట్లతోనే నెగ్గారు. వర్జీనియాలో ఓటర్లు పార్టీ పేరుతో నమోదు కారు కాబట్టి ఆ ప్రైమరీలో ఏ ఓటరైనా పాల్గొనవచ్చు. అంత చిన్న పోటీలో కొన్ని వేల భారతీయ ఓట్లకు విలువ లేదని ఎలా అంటారు?

సమాధానం (ఆల్డీ నుంచి)

ఆ మేరకు మీ మాట సరైనదే, ప్రైమరీని నేను తక్కువగా చూశాను. అయితే అనారోగ్యం కారణంగా పోటీ నుంచి తప్పుకున్న వెక్స్‌టన్ గారు తన మద్దతును ఆయనకే ప్రకటించడం కూడా అంతే పనిచేసింది.

పైగా మన ఓటు ఒకే మూట కాదు. ప్రతిభ చూసి పిల్లలను చేర్చుకునే థామస్ జెఫర్సన్ ఉన్నత పాఠశాల ప్రవేశ పరీక్షను 2020లో రద్దు చేసినప్పుడు, అంతవరకు డెమొక్రాట్లకే ఓటు వేసిన తల్లిదండ్రులు ఎందరు కోపగించుకున్నారో మనం కళ్ళారా చూశాం. పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉన్నా లౌడన్ పిల్లలు కూడా చదివే బడి అది. 2020తో పోల్చితే 2024లో లౌడన్‌లో డెమొక్రాట్ల ఆధిక్యం గణనీయంగా తగ్గినప్పుడు, అందులో మన ఓట్ల పాత్ర ఏమీ లేదని అనుకోవడం కష్టం. ఆ తల్లిదండ్రుల్లో ఇద్దరు మా వీధిలోనే ఉన్నారు; ఆ రోజు ఓటు వేసిన మూడిళ్ళలో వారిది ఒకటి, వారి ఓటు సుబ్రహ్మణ్యం గారికి పడలేదు.