టంగ్ టై ఆపరేషన్ తర్వాత తారస్థాయిలో నాలుక వెనక్కి గుంజుకుపోతోంది, పాడేవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

నమస్కారమండీ. చెన్నైలో ఉంటాను, వయసు 34, కర్ణాటక సంగీతం పాడతాను, శ్రుతి 5. నాలుక కింద తీగ పొట్టిగా ఉందని 6 వారాలు మయోఫంక్షనల్ థెరపీ (నాలుక, ముఖ కండరాలకు వ్యాయామాలు) చేసి, ఆ తర్వాత కుట్లు వేసే పద్ధతిలో విడిపించుకున్నాను. ఆపరేషనై 9 వారాలైంది.

లాభం లేదనను. నోరు బాగా తెరిచినా ఇప్పుడు నాలుక కొన పైపళ్ళ వెనక ఆనుతోంది. వేగంగా పాడినా ర, ళ తేటగా పలుకుతున్నాయి.

చిక్కంతా తారస్థాయిలోనే. పై షడ్జం దాటి గాంధారం అందుకోగానే నాలుక మొదలు వెనక్కి పోతుంది. గడ్డం కింద బొటనవేలు పెడితే అక్కడ కండ రాయిలా తగులుతుంది. అకారం కాస్తా ఓకారంలా వినిపిస్తుంది. మంద్ర, మధ్య స్థాయిల్లో ఏ ఇబ్బందీ లేదు. సాధన మొదలుపెట్టిన 20 నిమిషాలకు వస్తుంది, ఆపాక గంటదాకా నొప్పి.

నాలుకను అంగిలికి అతికించి 30 సెకన్లు పట్టడం రోజూ 3 పూటలా చేస్తున్నాను. నీళ్ళలో స్ట్రా ఊదుతూ సరళీ వరుసలు పాడాను. వారం రోజులు మౌనంగా ఉన్నాను, తగ్గింది, పాడిన రోజే మళ్ళీ వచ్చింది. ఈఎన్‌టీ డాక్టరు స్కోపు పెట్టి స్వరతంత్రులు బాగున్నాయన్నారు. సర్జన్ కుట్ల దగ్గర మచ్చ గట్టిపడలేదన్నారు. థెరపిస్టు వ్యాయామాలు ఆపొద్దంటున్నారు. నాకేమో ఆ వ్యాయామాలే ఎక్కువై కండ బిగుస్తోందేమోనని అనుమానం.

ఈ ఆపరేషన్ చేయించుకుని పాడుతున్నవాళ్ళు చెప్పండి: ఈ బిగువు పోవడానికి మీరు వ్యాయామాలు తగ్గించారా, అలాగే కొనసాగించారా?